పదో ఉడుత

బైండరు ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా ముందు దాని వీపు, అంటే కుట్టు వైపు, చూస్తాడు. అంచుల మీద బొటనవేలు రాస్తాడు, మూలలు నొక్కుతాడు, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని జిగురు వాసన పీలుస్తాడు. లోపల ఏముందో మాత్రం చూడడు. ఇరవై రెండేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడు కానీ ఒక్కటి చదివిన పాపాన పోలేదు. ఎందుకని అడిగితే, "అందులో పులి ఉన్నా పిల్లి ఉన్నా మడత ఒకటే కదండీ" అంటాడు. మహానుభావుడు.

ఆయనకు తగ్గ ఇల్లాలు ఆవిడ. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. చెట్లూ చేమలూ, పిట్టలూ పురుగులూ ఆవిడ చేతిలో ప్రాణం పోసుకుంటాయని అందరూ అంటారు. ఆవిడది ఇంకో రకం తిక్క. అచ్చయి వచ్చిన పుస్తకాన్ని ఛస్తే తెరవదు. "నేను వేసిన ఆకుపచ్చ ఒకటి, ప్రెస్సువాళ్లు పులిమిన ఆకుపచ్చ ఇంకొకటి. చూస్తే నాకు జ్వరం వస్తుంది" అంటుంది. అంటే ఏమైందన్నమాట? ఆవిడ బొమ్మలు వేస్తుంది, ఈయన కుడతాడు, ఇద్దరి చేతుల మీదుగా బయటికొచ్చిన పుస్తకాన్ని ఇద్దరూ చూడరు. దొందూ దొందే.

చూసేది వాళ్ల కూతురు ఒక్కతే. దానికి ఎనిమిదేళ్లు. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. ఎందుకంటారో రెండు నిమిషాలు దాని పక్కన కూర్చుంటే మీకే తెలుస్తుంది.

నలభై రోజుల కిందట ఒక పుస్తకం వచ్చింది. అందులో ఒకటే చెట్టు, పొద్దున్నించి సాయంత్రం దాకా దాని మీద జరిగే సంత. వడ్రంగిపిట్ట పొడుస్తుంటే గుడ్లగూబ నిద్ర పాడైందని తిడుతుంది, చీమలు వరస తప్పి పోట్లాడుకుంటాయి, వేళ్ల దగ్గర పుట్టగొడుగులు వాన కోసం గొడుగులు సర్దుకుంటాయి. పుస్తకమంతా అక్కడో ఉడుత, ఇక్కడో ఉడుత. చివరి పేజీలో ఒక్కటే వాక్యం: "ఈ చెట్టు మీద ఉడుతలు పది. అన్నీ దొరికాయా?"

ఆ పుస్తకం వచ్చిన రోజు ఆవిడ మొగుడి ఎదురుగా కూర్చుని, "ఏమండీ, పుస్తకం చూశారా?" అని అడిగింది. ఎన్నడూ అడగని మనిషి అడిగిందే, ఎందుకో అని ఒక్క క్షణం ఆలోచించొద్దూ? అబ్బే.

"చూశాను. అంచులు కత్తిలా వచ్చాయి" అన్నాడు.

"ఇంకేం కనబడలేదా?"

"వీపు మీద జిగురు కాస్త ఎక్కువైంది. కనబడదులే."

ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. అడిగిన దానికి జవాబు వస్తుంది, అడగనిది ఏదీ రాదు. ప్రెస్సులో కత్తిరింపు యంత్రం మొరాయిస్తే బైండరుకు ఇట్టే తెలుస్తుంది. పెళ్లాం మొరాయిస్తే మాత్రం వాతావరణం బాలేదేమో అనుకుంటాడు.

ఇలా ఉండగా ఒక బుధవారం సాయంత్రం పిడుగు బడి నుంచి వచ్చి సంచీ విసిరికొట్టింది. అది నేరుగా వెళ్లి నాన్న వీపుకు తగిలింది.

"నాన్నా! ఉడుతలు తొమ్మిదే ఉన్నాయట!"

విషయమేమిటంటే, టీచరు ఆ పుస్తకాన్ని తరగతి కోసం కొన్నది. మా అమ్మ బొమ్మలు వేసింది, మా నాన్న కుట్టాడు అని పిడుగు డప్పు కొట్టుకుంది. కొట్టుకోదూ మరి? ఆ తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది, లెక్కల్లో దిట్ట. అది మూడుసార్లు లెక్కపెట్టి, "తొమ్మిదే" అని తేల్చింది. పిడుగు ఒప్పుకోలేదు. ముందు పుట్టగొడుగును చూపించి ఉడుతంది. ఆ తర్వాత బల్లిని చూపించి జబ్బు చేసిన ఉడుతంది. ముప్పైమందీ పగలబడి నవ్వారు.

"పందెం కట్టాను నాన్నా. శుక్రవారం పుస్తకాల గంటలో పదోది చూపిస్తానన్నాను. చూపించలేకపోతే తోక కట్టుకుని నాలుగు కాళ్ల మీద ఆటస్థలం చుట్టూ తిరగాలి. కిచకిచ కూడా అనాలి."

"అమ్మ దగ్గర అసలు బొమ్మ ఉంటుందిగా, పట్టుకెళ్లు."

"నిన్ననే వేసిందంటారు. మా తరగతి పుస్తకంలోనే చూపించాలి. అదీ పందెం." అంటూ కూలబడింది. "నాన్నా, అమ్మ అబద్ధం రాసిందా?"

వంటింట్లోంచి గొంతు వినబడింది. "పదీ వేశాను. నా చేత్తో వేశాను. చూసే కళ్లున్న వాళ్లకి కనబడుతుంది."

"అయితే వచ్చి చూపించవోయ్!"

"నాకు జ్వరం వస్తుంది."

చేసేదేం లేక బైండరు తమ ఇంట్లో ఉన్న ప్రతిని తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి పుస్తకం లోపలికి చూశాడు. కొమ్మ మీద రెండు, కాయ కొరుకుతూ ఒకటి, గుడ్లగూబకు నాలుక చూపిస్తూ ఒకటి. వేలు పెట్టి లెక్కపెట్టాడు, తొమ్మిది. వెనకనించి ముందుకు లెక్కపెట్టాడు, అప్పుడూ తొమ్మిదే. భూతద్దం పెట్టి చూస్తే ఒక చీమ మీసాలు కూడా కనబడ్డాయి కానీ ఉడుత లేదు.

నడి పేజీల దగ్గర మాత్రం ఏదో తేడాగా అనిపించింది. రెండు పేజీలకూ పరుచుకున్న పెద్ద చెట్టు అది. మాను సరిగ్గా మధ్యలో సన్నబడిపోయి ఉంది. ఇంత పెద్ద చెట్టుకు ఇంత బక్క మానేమిటి? పుస్తకాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని బలంగా విప్పబోయాడు. అది విచ్చుకోనంది. పళ్లు బిగించి లాగాడు. కుట్టు సందులోంచి, అదిగో, మూడు వెంట్రుకలు బయటికొచ్చాయి. తోక కొస!

బైండరుకు ముచ్చెమటలు పోశాయి. ప్రెస్సు ఓనరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, "పల్చటి పుస్తకం, మడతలో రెండు పిన్నులు కొట్టి పంపించెయ్" అని. ఈయన వింటేగా! "పిన్నులా? పిల్లల చేతిలో వారం ఆగదు" అనుకుని, ఎవరికీ చెప్పకుండా, వీపు అంచు నుంచి బొటనవేలంత లోపలికి సూది దించి, మైనం పట్టించిన దారంతో ఒక్కో పుస్తకానికి పదిహేను కుట్లు వేశాడు. పైన జిగురు కూడా దట్టించాడు. మాను మధ్యలో ఉన్న తొర్ర, తొర్రలో ఉన్న ఉడుత, అన్నీ కలిపి లోపలేసి కుట్టేశాడు. అచ్చయిన అయిదువందల పుస్తకాల్లో అయిదువందల ఉడుతలు! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

మరి అప్పుడే నోరు విప్పి చెప్పొచ్చు కదా? చెప్పడు. తేలు కుట్టిన దొంగలా పుస్తకం మూసి పక్కన పెట్టాడు. బైండరు కుట్టు తప్పంటే ఇంకేం మిగిలింది? పైగా పదోది చూపించాలంటే కుట్లు కోయాలి. తన పుస్తకం ఎవరి చేతిలోనైనా ఊడితే సన్యాసం పుచ్చుకుంటానని ప్రెస్సులో సవాళ్లు విసిరే మనిషి, తన చేత్తో తానే కోయడమా?

"పోనీలే అమ్మా" అన్నాడు కూతురితో, మెల్లగా. "తొమ్మిదే అని ఒప్పేసుకుంటే పోలా? ఒకటి అటూ ఇటూ."

"అంటే అమ్మకి లెక్కలు రావా?"

వంటింట్లో మూత ఒకటి కింద పడింది. పడిందో, పడేశారో.

గురువారం సాయంత్రం బైండరు పని నుంచి వచ్చేసరికి పిడుగు నడి ఇంట్లో నాలుగు కాళ్ల మీద తిరుగుతోంది. నడుముకు తువ్వాలు కట్టుకుంది, అది వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. ఎంతో శ్రద్ధగా బల్ల కింద నుంచి దూరి, కుర్చీ చుట్టూ తిరిగి, ఆయన చెప్పుల దగ్గర ఆగింది.

"నాన్నా, ఉడుత ముందు చేతులు వేస్తుందా, కాళ్లా?"

"ఎందుకమ్మా ఇది?"

"ఎలాగూ తిరగాలిగా. బాగా తిరిగితే తక్కువ నవ్వుతారు." రెండు చేతులూ తల మీద నిలబెట్టి వేళ్లు వంచింది. "చెవులు ఇలా పెడితే బాగుందా?"

బైండరు సవాళ్లు, పరువు, ఇరవై రెండేళ్లు, అన్నీ ఆ తువ్వాలు తోకలో చుట్టుకుపోయాయి.

"చెవులు దించమ్మా" అన్నాడు. "రేపు మీ బడికి నేనొస్తున్నాను. కత్తి పట్టుకుని."

"కత్తి పట్టుకుని బడికా!" అంటూ ఆవిడ చేతిలో గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. నలభై రోజుల్లో అడగకుండా మొగుడి ముఖం చూసి మాట్లాడిన మొదటి మాట అదే. "నేనూ వస్తాను. మిమ్మల్ని ఒక్కరినే పంపిస్తే పోలీసుల్ని పిలుస్తారు."

శుక్రవారం టీచరు నిజంగానే కత్తిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. విషయం చెప్పాక ఒకడుగు ముందుకొచ్చింది. ముప్పైమంది పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ముందు వరసలో రెండు జడల పిల్ల, ఒళ్లో లెక్కల కాగితం. గోడ వారగా బైండరు భార్య. మధ్యలో బైండరు, ఎదురుగా పుస్తకం. పిడుగు సంచీలో తువ్వాలు. అవసరం పడుతుందేమోనని తెచ్చుకుంది, పిచ్చితల్లి.

బైండరు గొంతు సవరించుకున్నాడు. "పిల్లలూ, ఉడుతలు పదే. మా పిడుగు చెప్పింది నిజం. వాళ్లమ్మ వేసింది నిజం. పదోదాన్ని నేనే లోపల పెట్టి కుట్టేశాను."

తరగతిలో వెనక నించి ఒక సన్నని గొంతు లేచింది. "బతికుందా అంకుల్?"

"ఊపిరాడుతోందా?"

"ఇన్ని రోజుల నుంచి ఏం తింటోంది?"

"మా తాత కూడా ఇలాగే లిఫ్టులో ఇరుక్కున్నాడు!"

"తొందరగా కోయండి అంకుల్!"

తొందరగా కోయడానికి అది ఎవరి కుట్టు? మొదటి కుట్టు తెగడానికే రెండు నిమిషాలు పట్టింది. ఇంత గట్టిగా ఏ దరిద్రుడు కుట్టాడ్రా అనుకున్నాడు బైండరు, ఆ దరిద్రుడు ఎవరో గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఒక్కో కుట్టు తెగుతుంటే పిల్లలు అంకెలు అరుస్తున్నారు. ఏడో కుట్టుకు చొక్కా తడిసిపోయింది. పదకొండో కుట్టుకు టీచరు మంచినీళ్లిచ్చింది. పదిహేనోది టప్పున తెగింది. వీపు మీద జిగురు ఒలిచి, నడి కాగితాన్ని బయటికి తీసి, నేల మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు.

ఇంత లావు మాను! మాను మధ్యలో గుండ్రటి తొర్ర! ముప్పై తలలూ ఒకేసారి వంగాయి.

తొర్రలో ఒక బొద్దు ఉడుత వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. నోరు తెరుచుకుని ఉంది. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కాయి. ముక్కు కింద గుబురు మీసం. తల కింద దారపు ఉండ, చెవి మీద సూది. పొట్ట మీద తెరిచిన పుస్తకం ఒకటి బోర్లించి ఉంది.

పిల్లలు ఉడుతను చూశారు. తలెత్తి బైండరును చూశారు. ఆయన కళ్లద్దాలు చెమటకు జారతాయని నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు.

"పది" అంది రెండు జడల పిల్ల, నిజాయితీగా. తర్వాత వేలు చూపించి, "అంకుల్, ఇది మీరే!" అంది.

బైండరు గోడ వైపు తిరిగాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"చూశారా పుస్తకం?" అంది. "ఇరవై పుస్తకాలు కుట్టారు నావి. ఒక్క బొమ్మ చూడలేదు. మిమ్మల్నే వేస్తే అప్పుడైనా చూస్తారు కదా అనుకున్నా. ఒక్క మాట అంటారేమోనని నలభై రోజులు కాచుకున్నాను."

"నేను... నేను ఇంత లావా?"

"అదేనా మీరు అనేది!"

"కాదు, కాదు. బాగుంది" అన్నాడు. "చాలా బాగుందే. నేను గాడిదని."

"ఉడుత!" అని సరిదిద్దారు పిల్లలు.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ పందెం ఒకటి ఉంది కదా? ఓడినవాళ్లు తిరగాలి. అందరూ రెండు జడల వైపు తిరిగారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "నేను సరిగ్గానే లెక్కపెట్టాను. కనబడినవి తొమ్మిదే" అంది, ఏడుపు గొంతుతో.

పిడుగు లేచి నిలబడింది. "అవును, నీ లెక్క కరెక్టే. మా అమ్మ లెక్కా కరెక్టే. మరి తప్పు ఎవరిది?"

ముప్పై తలలూ మళ్లీ మెల్లగా బైండరు వైపు తిరిగాయి. టీచరు కూడా తిరిగింది.

పిడుగు సంచీలోంచి తువ్వాలు తీసి నాన్న నడుముకు రెండు ముళ్లు వేసి కట్టింది. ఊడకుండా గట్టిగానే కట్టింది, బైండరు కూతురు కదా. ఆయన ఆటస్థలంలో మోకాళ్ల మీద వంగి, ముందు చేతులు వేయాలా కాళ్లు వేయాలా అని ఒక్క క్షణం తడబడి, కిచకిచమంటూ కదిలాడు. "పది! పది!" అని అరుస్తూ ముప్పైమంది వెంటపడ్డారు. అందరికంటే ముందు పిడుగు, దాని చెయ్యి పట్టుకుని రెండు జడల పిల్ల.

మెట్టు మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో కుట్లు తెగిన తన పుస్తకం, అచ్చయినదే, తెరిచే ఉంది. బొమ్మను ఒకసారి, మొగుణ్ణి ఒకసారి చూసుకుంటూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

"చెవులండీ!" అని కేకేసింది. "చెవులు మర్చిపోయారు!"

బైండరు రెండు చేతులూ తల మీదికెత్తి వేళ్లు వంచాడు. నాలుగు కాళ్ల మనిషికి చెవులకు చేతులు మిగలవని మూతి మట్టిలో పడ్డాక గానీ ఆయనకు తెలియలేదు.