తాళం ఫ్యూజు

అయినా ఖాళీ చిప్‌ను ఖాళీ అని ఎవరన్నారో గాని, అందులో లేనిదంటూ ఏముంది, అనుకుంటూ ఆయన ఆ నల్లని ముక్కను పట్టకారుతో ఎత్తి వెలుగుకు పెట్టాడు. వేలికణుపంత పొడవు, రెండు వరుసల్లో ఇరవై కాళ్లు. లోపల అడ్డంగా, నిలువుగా తీగలు. కలిసిన ప్రతిచోటా వెంట్రుక కన్నా సన్నని ఫ్యూజు. లిఫ్టు నుంచి వచ్చే ప్రతి కబురూ రెండుగా చీలి లోపలికి వెళుతుంది: తలుపు మూసి ఉందని ఒకటి, మూసి లేదని ఇంకొకటి. ఒక వరుస అవుననాలంటే దానికి తగిలిన కబుర్లన్నీ నిజం కావాలి. ఆ రెండూ తగిలి ఉన్నంతకాలం అవుననే రోజే రాదు. అక్కర్లేనివి కాల్చేస్తేనే చిప్‌కు బుద్ధి వస్తుంది. అందరితో పొత్తు పెట్టుకున్నవాడు ఎవరికీ అక్కరకు రాడు మరి.

ఆయనకు ఎవరితోనూ పొత్తు లేదు. లిఫ్టు బోర్డులు బాగుచేసే ఈ షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా ఇదే మూల, ఇదే బల్ల. మోచెయ్యి ఆనేచోట రంగు పోయి చెక్క నున్నబడింది. ఫ్యూజు మాస్టారంటారు అందరూ. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు.

"రేపట్నుంచి ఈ బల్ల నాకే అంట, అన్నయ్యా," అంది ఎదురుగా బోర్డులకు టంకం వేసే ఆవిడ. "మీ చిప్పులు నా మాట వింటాయా?"

"వినవు."

"వాటికి తాళాలేశారాయె! కాపీ తీద్దామంటే మెషీను అన్నీ సున్నాలే చూపిస్తోంది. చిప్పు పోతే బోర్డు చెత్తలోకి. బోర్డుల్లేకపోతే నన్నెందుకు ఉంచుకుంటారు?"

"చెడితే ఫోన్ చెయ్యి."

"ఎన్నాళ్లని? మీరేమన్నా వెయ్యేళ్లు బతుకుతారా?" అని నవ్వింది.

ఫ్యూజులు కాల్చడం అయ్యాక మెషీను చివరగా ఒకటి అడుగుతుంది: తాళం వేయాలా? అవునంటే మరో ఫ్యూజు కాలుతుంది. ఇక చిప్ పనిచేస్తుంది గాని, లోపలేముందో ఎవరికీ చెప్పదు. పోటీవాళ్ల భయంతో మొదటి ఏడాది యజమానే వేయమన్నాడు. తరువాత ఆయన మరిచిపోయాడు, మాస్టారు మరవలేదు. ఒకసారి ఏ ఫ్యూజులు కాల్చాలో లెక్క రాసిన కాగితం పోగొట్టుకుని, తన చిప్‌నే తాను పదకొండు రోజులు స్విచ్చులతో ప్రశ్నలడిగి మళ్లీ రాబట్టుకున్నాడు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. తాళం మాత్రం మానలేదు. తాళం ఉన్నందుకే ఆదివారాలు ఫోను మోగేది. "మాస్టారూ, లిఫ్టు ఆగిపోయింది," అంటే తింటున్న కంచం వదిలి లేచేవాడు. అది కాక వారానికోసారి అక్క ఫోను. తిన్నావా అంటే, ఆ. ఒంట్లో బాగుందా అంటే, ఆ. "ఆ తప్ప ఇంకో అక్షరం రాదేంరా నీకు?" అని పెట్టేసేది.

తాళం లేకుంటే మోగే ఫోను అదొక్కటే.

మధ్యాహ్నం చెయ్యి కడుక్కొచ్చేసరికి ఆవిడ ఒక పాత చిప్‌కు పది స్విచ్చులూ ఎనిమిది దీపాలూ తగిలించి కూర్చుంది. ఒక స్విచ్చు వేస్తుంది, వెలిగిన దీపాలు చూస్తుంది, గీతల కాగితం మీద రాసుకుంటుంది. ఆయన వెనకే నిలబడ్డాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్న ఆ వంగిన మెడను ఎక్కడో చూసినట్టుంది. ఆ పదకొండు రోజులూ తనను వెనక నుంచి చూసిన మనిషి లేడు గాని, చూసుంటే ఇలాగే ఉండేవాడు.

"మొత్తం ఎన్ని వరుసలొస్తాయి అన్నయ్యా?"

"వెయ్యిన్నీ ఇరవై నాలుగు."

"అబ్బో! నేనింకా నలభై మూడు దగ్గరున్నా." మళ్లీ వంగింది.

అయిదు కొట్టాక ఆవిడ చేతులు కడుక్కోడానికి వెళ్లింది. షెడ్డుకొచ్చే బోర్డులన్నింటికీ పనికొచ్చే చిప్ ఒకటే. ఆయన జేబులోని చిన్న పుస్తకం చూసి ఆ లెక్కంతా కొట్టాడు. ఖాళీ చిప్‌ను మెషీనులో పెట్టాడు. ఫ్యూజులు వరుసగా కాలిపోయాయి. చప్పుడు లేదు, పొగ లేదు. తెర మీద ఆ ప్రశ్న వచ్చి నిలిచింది. వేలు అలవాటుకొద్దీ అవును మీదికి వెళ్లింది. ఆదివారాలు గుర్తొచ్చాయి. వేలు అక్కడే చాలాసేపు ఉంది.

కాదు, అని నొక్కాడు.

టిఫిను డబ్బా తీసుకుని, కుర్చీ బల్ల కిందికి జరిపి, ఆవిడ తిరిగి రాకముందే బయటికి నడిచాడు.

గీతల కాగితం మీద, నలభై మూడో వరుస పక్కన, నల్లని చిప్ ఇరవై కాళ్ల మీద నిలబడి ఉంది. దాని వేడి ఇంకా ఆరలేదు.