స్టీలు బిందెకు పోయిన పేటియ

పొద్దున్నే కుళాయి నీళ్లు పట్టుకున్నాక పూలి కిటికీ దగ్గర నిలబడి తన పేటియ కుచ్చిళ్లు విప్పి చూసుకునేది. లంబాడీ ఆడవాళ్లు కట్టే ఆ లంగా మీద నలభై అద్దాలు, అద్దాల్లో ఏన్కూరు అవతల అడవి అంచున ఉన్న వాళ్ల తండా. ఒకదాంట్లో యాడి, అంటే తల్లి, సోమ్లి జొన్నలు చెరుగుతుంటే, ఇంకోదాంట్లో ఎడ్లు నెమరేసేవి. కూతురి పెళ్లికి సోమ్లి ఒకే అద్దం పగలగొట్టి సగం ముక్కలు పూలి పేటియకు, సగం తనదానికి కుట్టింది. ఇక అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ కనబడక ఏం చేస్తుంది? నేల అంతస్తు మరాఠీ ఆవిడ కూడా పైకొచ్చినప్పుడు వంగి చూసి, "మీ ఊళ్లో వాన పడ్డట్టుందే" అని పోయేది.

ఎనభై నాలుగులో హాతీరాంకు బొంబాయిలో సర్కారు నౌకరీ వచ్చింది. పెళ్లాన్ని తెచ్చి మూడో అంతస్తు క్వార్టర్లో పెట్టాడు. ట్రంకుపెట్టెను పెట్టినట్టే పెట్టాడు. ఒంటరిగా మెట్లు దిగొద్దన్నాడు. వారానికోసారి బజారుకు తీసుకెళితే, ఎవరో అన్నట్టు పదడుగులు ముందు నడిచేవాడు.

"ఆఫీసోళ్లు నవ్వుతున్నరు. చీర కట్టుకో" అన్నాడొకరోజు.

"కడితే మా యాడి ఎట్ల కనబడతది?"

"కనబడకుంటేనే మంచిది. ఇంట్ల ఏం జేసినా తండా అంతా చూస్తున్నది. పెళ్లాం మీద చెయ్యెందుకు ఎత్తినవని మొన్న తండా పెద్ద నాయక్ ఉత్తరం రాయించిండు. నేను తండా మొత్తాన్ని చేసుకున్ననా?"

ఆ గురువారం పూలి స్నానానికి పోయి ఉతికిన పేటియ ఆరేదాకా అని చీర చుట్టుకుని వచ్చేసరికి దండెం మీద అది లేదు. గది మధ్యలో కొత్త స్టీలు బిందె మెరుస్తోంది. పాతబట్టలకు సామాన్లిచ్చే ఆవిడ అప్పుడే మెట్లు దిగి పోయింది.

"పాతబట్టకు మంచి బిందె వచ్చింది" అన్నాడు హాతీరాం, గొప్ప బేరం చేసినట్టు.

పూలికి ఒళ్లు మండిపోయింది. బిందె ఎత్తి మెట్ల మీదికి విసిరింది. మూడంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి.

"పాతదా? మా యాడి పాతదైందా నీకు?"

అంటూ బిందె వెనకే దిగింది. మళ్లీ ఎక్కలేదు.

మరాఠీ ఆవిడ ఆమెకు తన ఇంట్లో పడక ఇచ్చి, పాతబట్టల బజారుకు దారి చెప్పింది. ఆ మాటలు పూలికి సగమే అర్థమయ్యాయి. మిగతా సగం కోపమే నడిపించింది. నాలుగోరోజు దారిలో కాలేజీ పిల్ల ఒకతె భుజానికి అద్దాల సంచీ వేసుకుని పోతోంది. అందులో సోమ్లి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతోంది. ఆ సంచీ ఎక్కడ కొన్నావో చెప్పమని పిల్ల చెయ్యి పట్టుకుంటే వదల్లేదు.

ఆ పిల్ల చూపించింది హరిలాల్ అనే అతని సంచీల దుకాణం. పేటియ ముక్కలై పోయింది. పన్నెండు అద్దాలు సంచీలకెక్కి ఊరిమీద పడ్డాయి. మిగతా ఇరవై ఎనిమిది రేకు డబ్బాలో ఉన్నాయి.

"కొన్న సరుకు, ఊరికే ఎట్లిస్తా?" అన్నాడు హరిలాల్.

"కుడతా. కూలీ కింద రోజుకు రెండద్దాలియ్యి."

పూలి కూర్చుంది. సూదిని గుడ్డలో కాదు, హాతీరాం గుండెలో దింపుతున్నట్టు కుట్టింది. వచ్చిన అద్దాలను ఎర్రగుడ్డకు కుట్టి ఎదుట గోడకు వేలాడదీసుకుంది. పద్నాలుగు రోజుల్లో డబ్బా ఖాళీ అయింది.

ఆకలైతే అదే వస్తుందని అన్నాళ్లూ ఇంట్లో కూర్చున్న హాతీరాం, పదిహేనో నాడు దుకాణానికి వచ్చాడు.

"లే. బజార్ల కూసొని నా పరువు తీస్తున్నవ్."

"నాకు పనుంది."

"లేస్తవా లేదా?" అని చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి గాల్లో ఉండగా గోడమీది గుడ్డ కంటబడింది. ఇరవై ఎనిమిది అద్దాల్లో ఒక్కదాంట్లోనూ ఎడ్లు లేవు, జొన్నలు లేవు. అన్నింట్లోనూ మనుషులే. నాయక్ ఉన్నాడు. సోమ్లి పళ్లు కొరుకుతోంది. మధ్య అద్దంలో హాతీరాంను కన్న తల్లి మోతీ ఉంది. ఆమె కొడుకు చేతిని చూసింది. తలమీది గుడ్డ ముఖం మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది. నాయక్ తిరిగాడు. సోమ్లి తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు తండా అంతా తిరిగింది. ఇక అద్దాల నిండా వీపులే.



"కొట్టు" అంది పూలి. "ఇప్పుడెవరూ చూస్తలేరు. కొట్టు."

చెయ్యి దానంతటదే కిందికి జారింది.

ఆ నెలాఖరుకు పూలి దుకాణం వెనక గది కిరాయికి తీసుకుంది. ఆ తర్వాత పెళ్లికి గానీ చావుకు గానీ తండా నుంచి హాతీరాంకు కబురు రాలేదు. మోతీ పోయినప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు.