పళ్ళెంలో పావు

పుల్ల చివరి మైనాన్ని వేళ్ళ మధ్య మెత్తబరిచి, దయామణి దాంతో ఒక ఎర్రరాయిని ఎత్తి, జిగురు వేసిన చెవికమ్మ గూట్లో కూర్చోబెట్టింది. రాయి కుదిరిందో లేదో వంగి చూడదు. చూపుడువేలి గోటికే తెలిసిపోతుంది. పాతికేళ్ళుగా రాళ్ళను నొక్కీ నొక్కీ ఆ గోరు చెంచాలా వంగిపోయింది.

"సగం?" అంది తలెత్తకుండా.

"డెబ్బై రెండు," అంది ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్న కూతురు ఎస్తేరు.

"పావు?"

"ముప్పై ఆరు."

"ముప్పావు?"

"నూట ఎనిమిది! ఇంక చాలమ్మా, ఇవాళ కొత్త సంవత్సరం కదే."

"కొత్త సంవత్సరానికి లెక్కలు మారవు."

చిలకలపూడి రోల్డుగోల్డు నగల పనిలో రాళ్ళు గ్రోసుల్లో వస్తాయి. గ్రోసంటే పన్నెండు డజన్లు, నూట నలభై నాలుగు. నాలుగో తరగతి మధ్యలో బడి మాన్పించి పని పీట ముందు కూర్చోబెట్టిన నాటి నుంచి దయామణికి పళ్ళెం నిండటమంటే అంతే. సగం పని అయితే డెబ్బై రెండు, పావు అయితే ముప్పై ఆరు. వేలు పెట్టి లెక్కించక్కర్లేదు, చూస్తే చాలు.

ఎస్తేరు గుడివాడ హాస్టల్లో ఉండి అయిదో తరగతి చదువుతోంది. సెప్టెంబరులో పచ్చకామెర్లతో ఇంటికొచ్చింది. పిల్ల తేరుకునేసరికి క్రిస్మస్ సెలవులు వచ్చేశాయి. బడి తెరిచిన రోజునే లెక్కల పరీక్ష పెడతామనీ, తప్పితే వచ్చే ఏడు మళ్ళీ అయిదే చదవాలనీ పెద్ద పంతులమ్మ కబురు పెట్టింది. ఆ పరీక్ష రేపే. మూడు గంటల బస్సుకి ప్రయాణం.

అందుకే ఈ పది రోజులూ వీధిలో పిల్లలందరూ కాగితపు నక్షత్రాల కింద గంతులేస్తుంటే, ఎస్తేరుకి ఇల్లే బడి అయింది. బంటుమిల్లి చేపల చెరువుల దగ్గర కాపలా కాసే తండ్రి జ్ఞానయ్య, పండక్కి వచ్చినప్పుడు నవ్వాడు. "నాలుగు సగంలో మానేసినదానివి, అయిదుకి చెబుతావటే?" దయామణి మాత్రం రోజూ పొద్దున్నే ఎదురింటి జీవానందం మేష్టారి దగ్గర ఒక పాఠం తను చెప్పించుకుని, మధ్యాహ్నం రాళ్ళు అతుకుతూ అదే పాఠం కూతురికి చెప్పింది.

పదకొండింటికి పిల్లని వెంటబెట్టుకుని ఆయన అరుగెక్కింది. "ఒక్కసారి అడిగి చూడండి మేష్టారూ. ఎక్కడా తడుముకోదు."

మేష్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇరవైలో పావు ఎంతమ్మా?"

"ముప్పై ఆరండీ!" ఎస్తేరు గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"ఇరవై బస్తాల్లో పావు ముప్పై ఆరు బస్తాలా! అలాంటి పొలం ఉంటే నాకూ కాస్త కౌలుకిప్పించమ్మా. ఎవరు చెప్పారీ లెక్క?"

"మా అమ్మేనండీ."

దయామణి చెవులు వేడెక్కాయి. పళ్ళెంలో తను ఏ తప్పు చేసిందో ఒక్కసారిగా కనిపించింది. తన బతుకంతా గ్రోసే అయితే, పిల్లకి లోకమంతా గ్రోసే అనిపించక ఏమవుతుంది?

"నేను చెప్పనా?" అన్నారు మేష్టారు మెల్లగా.

"వద్దండీ. తప్పుగా అతికిన రాయిని అతికినవాళ్ళే ఊడదియ్యాలి."

ఇంటికొచ్చి, సాయంత్రానికి అతికి కొట్టుకి అప్పజెప్పాల్సిన రాళ్ళ పళ్ళేన్ని చాప మీద బోర్లించింది. ఇంకో పొట్లం కూడా విప్పి అందులోనే కుమ్మరించింది. ఎరుపూ పచ్చా కలిసిపోయాయి.

"అయ్యో, లెక్క పోయింది కదే!" ఎస్తేరు లేచి నిలబడింది.

"పోనీ. ఇందులో పావు తియ్యి."

"ఎన్నున్నాయో తెలీకుండానా?"

"తెలీకుండానే. నాకూ తెలీదు."

ఎస్తేరు కాసేపు గోరు కొరుక్కుంది. తర్వాత మైనం పుల్ల తీసుకుని, ఒక్కో రాయినీ నాలుగు చోట్ల వరసగా పంచడం మొదలుపెట్టింది. దయామణి లేచి ఎసరు పెట్టింది. మధ్యలో అన్నం ఉడికింది, పెట్టె సర్దడమూ అయింది. నాలుగు కుప్పలు లేచాయి.

"పావంటే ఇదేనా? ఇందులో ముప్పై ఆరు కంటే చాలా ఉన్నాయే."

"ఉంటే?"

"అంటే... పావు ఒక అంకె కాదు. దేంట్లో పావో ముందు అడగాలి."

"రేపు పంతులమ్మ ఇరవైలో అంటే?"

"అయిదు. తేలికే!" పిల్ల పుల్ల ఎత్తి చూపింది. దాని కొసన ఇంకో రాయి ఉంది. "ఇదొక్కటీ మిగిలింది. ఏ కుప్పలో వేసినా ఎక్కువైపోతుంది."

"మిగిలింది మిగలనీ. అన్నం తిను, బస్సు పోతుంది."

బస్టాండులో ఎస్తేరుకి కిటికీ పక్కన చోటు దొరికింది. డ్రైవరు ఎక్కగానే పిల్ల తల బయటికి పెట్టింది. "అమ్మా, గుడివాడెంత దూరమే?"

"ముప్పై ఆరు కిలోమీటర్లంట."

ఎస్తేరు పకపకా నవ్వింది. "అయితే ఇప్పుడు ముప్పై ఆరే మొత్తం! పావు తొమ్మిది. తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర పాఠాలన్నీ ఒకసారి తలుచుకుంటాలే."

"తల లోపల పెట్టు," అంది దయామణి. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది. రేపటి గురించి ఆమెకిక బెంగ లేదు.

ఇంటికొచ్చి దీపం వెలిగించకముందే పని పీట ముందు కూర్చుంది. ఎరుపూ పచ్చా వేరు చేసి, మళ్ళీ గ్రోసులు కట్టాలి. చెయ్యి చాచింది గాని, కుప్పల్ని కదపబుద్ధి కాలేదు. చాప మీద నాలుగు కుప్పలూ అలాగే ఉన్నాయి. వాటి పక్కన మైనం పుల్ల, దాని కొసకి అంటుకుని ఒకే ఒక్క ఎర్రరాయి.