కుడి పెట్టెలో గంగక్క

మా ఆయన బసవపున్నయ్య తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. మధిర వైపు నుంచి వచ్చి, టేకులపల్లి దగ్గర అడవి అంచున మిరప వేసి నిలదొక్కుకున్న మనిషి కదా, ఆ మాత్రం మొండితనం ఉంటుందని సరిపెట్టుకునేదాన్ని. పాటల పెట్టెల విషయంలో మాత్రం సరిపెట్టుకోలేదు. నా చెవి ఆయన చెవికంటే మంచిదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఎనభై నాలుగులో మద్రాసు నుంచి టేపు డెక్కు, ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు తెప్పించాడు. మరుసటి ఏడు, ఓడల్లో పనిచేసే మా మరిది చిన్న సీసా ఒకటి తెచ్చిచ్చాడు. వైర్ల ప్లగ్గులకు అందులోని మందు రాస్తే పాట తేటగా వినిపిస్తుందట. ప్లగ్గు తుడిచి, ఒక్క చుక్క రాసి, మిగిలింది మళ్లీ తుడిచెయ్యమని నా ఎదుటే చెప్పాడు. నిజంగానే పాట తేటపడింది. దాంతో మా ఆయన ఆ సీసాను దేవుడి గూట్లో పెట్టినంత పని చేశాడు. చుక్కకే ఇంత బాగుంటే నాలుగు చుక్కలకు ఇంకెంత బాగుంటుందోనని అదేపనిగా పోయడం మొదలుపెట్టాడు. తుడవడం మాట మరిచాడు.

"అది మందండీ, పప్పులో నెయ్యి కాదు" అని నేనంటే, "నీకు తెలియదులే ప్రమీలా" అనేవాడు.

ఆ ఎండాకాలం గంగక్క కొడుకు పెళ్లి జరిగింది. గంగక్క మా కల్లంలో కూలీలకు పెద్ద, గూడెంలో పేరున్న పాటగత్తె. అక్కడి పెళ్లిలో పిల్లవాడి తల్లీ పిల్ల తల్లీ పాటలతో ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవాలి. జవాబు చెప్పలేని అత్తను కోడలు లెక్కచేయదని వాళ్లలో ఒక మాట. కరెంటు ఉందని పందిరి మా కల్లంలోనే వేశారు. మా ఆయన డెక్కు బయటికి మోసుకెళ్లి, గంగక్క ముందు ఒక మైకు, వియ్యపురాలు కొండమ్మ ముందు ఒక మైకు పెట్టి, కొండమ్మ గొంతు ఎడమ పెట్టెలో, గంగక్క గొంతు కుడి పెట్టెలో పలికేలా రికార్డు చేశాడు. డోలు మోతలో ఎవరి జవాబు గట్టిదో ఎవరికీ తేలలేదు. టేపు విని తేల్చుకుందామన్నారు. డెక్కును మళ్లీ ఇంట్లో బిగించేటప్పుడు మా ఆయన ప్లగ్గులకు ఇంకాస్త మందు పోశాడు.

ఆదివారం పొద్దున మా వసారా నిండిపోయింది. కొత్త కోడలు గడప పక్కన కూర్చుంది. టేపు తిరిగింది. ఎడమ పెట్టెలోంచి కొండమ్మ గొంతు ఖంగుమంది, అత్తింటి గంజి నీళ్లకంటే పలచనట గదా అని. జవాబు రావలసిన చోట దూరాన ఎవరో గొణిగినట్టు వినపడింది, అంతే. మళ్లీ కొండమ్మ, మళ్లీ గొణుగుడు. కొండమ్మ వైపువాళ్లు నవ్వడం మొదలుపెట్టారు.

గంగక్క లేచి నిలబడింది. "నా మాట తీసేసిన్రా అయ్యా?"

"నేనెందుకు తీస్తాను గంగక్కా? ఆ రోజు నువ్వే మెల్లగా పాడి ఉంటావు" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను. డోలును మించి పాడింది. ఇప్పుడు కోడలి వైపు చూడలేక నేల చూస్తోంది.

"ఆపండి" అన్నాను. సీసా కోసం చాచిన ఆయన చేతిని పక్కకు నెట్టి, డెక్కు వెనకున్న రెండు ప్లగ్గులూ పీకి, దాని చోట ఇది, దీని చోట అది పెట్టాను. "టేపులో గంగక్క ఉంటే ఇప్పుడు ఎడమ పెట్టెలో పలుకుతుంది."

పలికింది. గంజి పలచనైతేనేం, మా కుండ పెద్దది, మీ ఊరంతా వచ్చినా తాగిపోవచ్చని గంగక్క గొంతు గుమ్మం దాటి వినిపించింది. ఇప్పుడు గొణుగుడు కొండమ్మది. ఈసారి గంగక్క వైపువాళ్లు ఈలలు వేశారు. కొండమ్మ తల దించుకుంది. తేలిపోయింది కదా, ఇక ఇలాగే విందామన్నాడు మా ఆయన. గంగక్క మాత్రం కాసేపు విని చెయ్యెత్తింది.

"ఆపమ్మా. గామె గొంతు గూడ రావాలె. అడిగింది ఇనబడకుంటే నేను జెప్పింది జవాబెట్ల అయితది?"

ఆ మాటకు నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. కరెంటు తీసి, ఆంప్లిఫయరు వెనక కుడివైపు ప్లగ్గు లాగాను. మందు జిడ్డుకు కల్లంలోంచి ఎగిరిన మిరప దుమ్ము అతుక్కుని పచ్చడి ముద్దలా ఉంది. మా ఆయన నమ్మక వేలితో తీసి చూశాడు, ఆ వేలితోనే కన్ను నలుపుకున్నాడు. ఆయన నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. నేను స్పిరిట్‌లో ముంచిన దూదితో ప్లగ్గునూ, అది దూరే రంధ్రాన్నీ శుభ్రం చేసి, ఒక్క చుక్క రాసి, పొడిగుడ్డతో తుడిచి, వైర్లన్నీ ఎప్పటిలా పెట్టాను.

ఎడమ పెట్టె అడిగింది, కుడి పెట్టె జవాబిచ్చింది. వసారా అంతా విరగబడి నవ్వింది. కొండమ్మ కూడా నవ్వింది. పాట అయ్యాక కోడలు గడప దగ్గర నుంచి లేచి వచ్చి గంగక్క పక్కన కూర్చుంది.

"మా యమ్మకు ఎదురు జవాబిచ్చిన మనిషిని పుట్టినకాన్నుంచి ఇయ్యాలనే సూస్తున్న అత్తా" అంది.

గంగక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకోపాలి పెట్టమ్మా" అంది నాతో.