మైనం బొట్టు

పుష్కరాల ముందటి వేసవిలో వెంకటరాజు నరసాపురం దగ్గర గోదావరి గట్టున నాలుగు కాటేజీలు కట్టించాడు. వచ్చేవాళ్ళకి సరదాగా ఉంటుందని చెన్నై నుంచి కొత్త వాటర్ స్కూటర్ తెప్పించాడు. లారీలోంచి దింపుతుంటే అందరూ దాని రంగూ ముక్కూ చూశారు. అతని భార్య నాగశ్రీ మాత్రం సీటు చూసింది. ఇద్దరు కూర్చోవచ్చు.

ఆమె పుట్టింది నది మధ్య మల్లాయిలంకలో. ఏటేటా వరద ఒడ్డుని కోసుకుపోతుంటే ఒక్కో కుటుంబమే గట్టెక్కేసింది. మనుషులు లేని చోటికి రేవు పడవా రావడం మానేసింది. జాలరి పడవ మాట్లాడుకుని వెళ్దామంటే, రాజుల కోడలు ఒక్కతే అలా వెళ్ళడం అత్తగారు సూర్యకాంతమ్మకి గిట్టదు. వెంకటరాజుకి రొయ్యల చెరువులతో తీరదు. ‘ఈసారి చూద్దాం’ అన్న మాట మీదే ఆమె జుట్టు నెరవడం మొదలుపెట్టింది. నిరుటి వరదకి ఆమె పుట్టింటి పెరట్లో మామిడిచెట్టు కూలిపోయిందని చేపలమ్మే వీరమ్మ చెప్పింది. నుయ్యి ఇంకా ఉందట.

“ఈ ఏడు నీళ్ళొస్తే అదీ ఉండదు తల్లీ,” అంది వీరమ్మ.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నాగశ్రీ అడిగింది. “వరద రాకముందు ఒక్కసారి తీసుకెళ్తారా?”

“బండి కుదురుకోనీ. మొదటి సవారీ నీదే,” అన్నాడు వెంకటరాజు.

ఆ మాట పట్టుకునే పూజ రోజున పసుపు ఆమే కలిపింది. వాళ్ళింట్లో కొత్త బండికి దీపాల దగ్గరా, పెట్రోలు పోసేచోటా, కన్నమన్నది కనిపించిన ప్రతిచోటా బొట్టు పెడతారు. కన్నంలోంచే దిష్టి దూరుతుందని సూర్యకాంతమ్మ నమ్మకం. పెట్టిన బొట్టు దానంతటది రాలాలే తప్ప చెయ్యి పెట్టి తుడవకూడదు. నీళ్ళలో తిరిగే బండి కదా, మొదటి కెరటానికే కరిగిపోతే ఎలా? నాగశ్రీ చిన్నప్పుడు అమ్మమ్మ నుదుటికి మైనం రాసి దానిమీద కుంకుమ అద్దుకునేది. అది గుర్తొచ్చి పసుపులో మైనం కలిపి, వేలితో గట్టిగా ఒత్తి మరీ పెట్టింది. ఒక్కో బొట్టుకీ ఒకే కోరిక కోరుకుంది.

బండి మర్నాటినుంచే మొండికేసింది. ఒడ్డున బుద్ధిగా స్టార్టవుతుంది. రివ్వుమని పోతుంది. నది మధ్యకి చేరేసరికి దగ్గి, మూలిగి, ఆగిపోతుంది. వెంకటరాజు తువ్వాలు ఊపితే ఎవరో ఒకరు పడవకి తాడుకట్టి లాక్కొచ్చేవారు.

“నీళ్ళమీద ఎడ్లబండి తోలినా ఈపాటికి సముద్రం చూసొద్దుం,” అంది సూర్యకాంతమ్మ.

రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే గణేష్‌బాబు వచ్చాడు. పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమోనని అంతా దింపి, కొత్తది గుడ్డలో వడకట్టి పోశాడు. ఫిల్టరు మార్చాడు. కార్బురేటరు విప్పి ఊదాడు. ప్లగ్గులు తుడిచాడు. చెన్నై కంపెనీ మనిషి ఫోన్లో ఏది చెబితే అదీ చేశాడు.

“ఇక్కడున్నంతసేపూ బంగారంలా పలుకుతుందండి. అటెళ్ళగానే పెట్రోలు అందట్లేదు. ట్యాంకు చూస్తే నిండుగానే ఉంది. ఏం రోగమో తెలట్లేదు రాజుగారూ.”

“అయితే వెనక్కి పంపేస్తాను,” అన్నాడు వెంకటరాజు. “లారీ వచ్చేవారం అటే వెళ్తుంది.”

మెట్లమీద కూర్చుని వింటున్న నాగశ్రీ అటు నది వంక చూసింది. పైన ఎక్కడో వానలు మొదలైనట్టున్నాయి, నీళ్ళకి ఎర్రమట్టి రంగు దిగుతోంది.

మర్నాడు వంటింట్లో కొత్త నూనె డబ్బా తీసి, మేకుతో ఒక కన్నం పొడిచి వంచింది. నూనె కాస్త కారి, గుటకలు వేసి, ఆగిపోయింది. ధ్యాస లేక రెండో కన్నం పొడవడం మరిచిపోయింది. ఎదురు మూల మేకు దించగానే ధార సాఫీగా పడింది. ఆమె డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. లాక్కొచ్చిన ప్రతిసారీ గణేష్‌బాబు ట్యాంకు మూత తిప్పగానే సుయ్‌మని గాలి పీల్చుకున్న చప్పుడు వినబడేది. ఆ తరవాత బండి మళ్ళీ పలికేది.

చెయ్యి కడుక్కోకుండానే గట్టుకి వెళ్ళింది. బండిని అప్పుడే మళ్ళీ లాక్కొచ్చారు, ట్యాంకు మూత ఇంకా తిప్పలేదు.

“గణేష్‌బాబూ, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి ఎటునుంచి వెళ్తుంది?”

“దానికో సన్న గొట్టం ఉంటుందండి అమ్మగారూ. హ్యాండిలు కింద పక్కగా, కందిగింజంత కన్నం…” అంటూ వంగి చూసి, ఆగిపోయాడు. “ఇక్కడ బొట్టు ఉందండి. నేను తుడవలేదు. పెద్దమ్మగారు ముట్టుకోవద్దన్నారు కదండీ.”

నాగశ్రీకి ఆ బొట్టు గుర్తుంది. అన్నిటికంటే గట్టిగా ఒత్తింది దాన్నే.

జాకెట్టుకున్న పిన్నీసు తీసి, తన చేత్తోనే మైనం తవ్వింది. ముద్ద ఊడిరాగానే బండి పెద్దగా ఊపిరి పీల్చుకుంది. సూర్యకాంతమ్మ పైమెట్టు మీంచి చూస్తూనే ఉంది.

“దిష్టి తగిలితే నన్నడక్కు,” అంది. ఒక మెట్టు దిగి, “పెట్టిన చెయ్యే తీసింది కాబట్టి తప్పులేదులే. కొంగు గట్టిగా దోపుకో.”

చీరమీద నారింజ రంగు లైఫ్ జాకెట్ కట్టుకుని ఆమె భర్త వెనక కూర్చుంది. నది మధ్య వచ్చింది, వెళ్ళింది. బండి దగ్గలేదు. అయినా వెంకటరాజు భుజాలు బిగిసే ఉన్నాయి.

మల్లాయిలంక ఇసుకతిన్నెలా మిగిలింది. ఇల్లున్న చోట నీళ్ళు. ఆ నీళ్ళలో ఒంటరిగా, ఎర్రటి ఇటుకల స్తంభంలా ఏదో నిలబడి ఉంది. చుట్టూ ఉన్న మన్నంతా కొట్టుకుపోయి, నుయ్యి బయటపడి నిలుచుంది. చిన్నప్పుడు లోపలికి తొంగిచూసి తన పేరు పిలిచి, మారుపలుకు విన్న నుయ్యి. ఇన్నాళ్ళూ భూమి దాచుకున్న వైపుని ఆమె ఇప్పుడే చూస్తోంది.

వెంకటరాజు దాని చుట్టూ నెమ్మదిగా తిప్పాడు.

“ఇంజను ఆపండి,” అంది నాగశ్రీ.

“ఆపితే మళ్ళీ స్టార్టవకపోతే? వద్దులే.”

“కాకపోతే కాకపోనీయండి.”

అతను తల తిప్పి ఆమె మొహం చూశాడు. తాళం తిప్పాడు. చప్పుడు ఆగింది. నూతి గోడకి నీళ్ళు తగిలే శబ్దం వినిపించింది. బండి మెల్లగా కొట్టుకుపోతూ దగ్గరికి చేరేసరికి ఆమె చెయ్యి చాచి, తడి ఇటుకమీద అరచెయ్యి ఆనించి ఉంచింది. వేళ్ళకి ఇంకా కొంచెం పసుపు ఉంది.