కడిగిచ్చిన బండి

అడీల్ ఏ వస్తువు కొన్నా ముందు కాగితం మీద గళ్ళు గీస్తుంది. ఈసారి గళ్ళలో మూడు బండ్లున్నాయి. గుర్రమెక్కినట్టు కాళ్ళు చెరోవైపు వేసి కూర్చుని, వెనక ట్రాలీ తగిలించుకునే చిన్న బండి ఒకటి. చుట్టూ ఇనుప గూడుతో, ఇద్దరు పక్కపక్కన కూర్చుని, వెనక నీళ్ళ ట్యాంకు పెట్టుకునే గూడు బండి ఇంకొకటి. మూడోది చక్రాలకు బదులు రబ్బరు పట్టాల మీద పాకేది. దాని ధర చూసి భర్త రాయ్స్, "అంత పెడితే చెట్లే మన దగ్గరికి నడిచొస్తాయి," అన్నాడు.

వాళ్ళ కొండవాలు మీది మూడు వందల మేపుల్ చెట్లకు గాటు పెట్టి తగిలించిన బకెట్లలోకి కారే తీపి నీటిని, పాకం కాచే పాకదాకా ఇన్నేళ్ళూ ఒక ముసలి ట్రాక్టరు మోసింది. ఆ చలికాలంలో అది ఇంజను పగిలి మూలపడింది. ఇంతలో మార్చి వచ్చేసింది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే, చెట్లు కారే రోజులు మొదలయ్యాయి. అడీల్ బండి కొనేదాకా ఆగుదామని చెట్లు అనుకోవు కదా.

"కొట్లో నున్నటి నేల మీద నడిపి బండి కొనడం, ఫొటో చూసి పెళ్ళాడడం రెండూ ఒకటే," అన్నాడు పక్క కొండ మీది హోలిస్. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఇంట్లో చెల్లెలు విన్నీ తోడు. నాలుగు వందల బకెట్ల పని ఇప్పటికీ ఒంటిచేత్తో చేస్తాడు. "నా గూడు బండి తీసుకెళ్ళు. శనివారమంతా నీదే. బురదలో చూడు, మంచులో చూడు. ఆ తర్వాత కొను."

తాళం చేతిలో పెడుతూ ఒక్క మాట చెప్పాడు. "ట్యాంకు నిండుగానన్నా ఉండాలి, ఖాళీగానన్నా ఉండాలి. సగం నీళ్ళతో వాలు మీద అడ్డంగా పోవద్దు. నీళ్ళకి బుర్ర ఉండదమ్మాయ్. నువ్వు ఆగినా అవి ఆగవు."

"తెలుసండీ," అంది అడీల్. నిజంగానే తెలుసు. కాగితం మీద గడిలో రాసుకుంది కూడా.

శనివారం రాయ్స్ రాతిగని పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం రెండు దాటాక ఉత్తరపు గాలి తిరిగి, చెట్లు కారడం మానేశాయి. ట్యాంకు సరిగ్గా సగమే నిండింది. అంత తీపి నీటిని పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు. చుట్టుదారిన ఇరవై నిమిషాలు, వాగు పక్క వాలు మీదుగా అడ్డంగా పోతే ఐదు. ఆమె బండిని వాలు వైపే తిప్పింది.

బండి పడడమంటే ధనామని పడుతుందనుకునేది ఆమె. అలా జరగలేదు. ట్యాంకులో నీళ్ళు ముందు కిందివైపుకు నడిచాయి. వాటి వెనకే బండి కూడా, నిద్రొచ్చిన పశువులా తీరిగ్గా కుడిపక్కకు ఒరిగి, ఒక లేత మేపుల్‌కు ఆనుకుని పడుకుంది. ఇనుప గూడు పుణ్యమా అని ఆమెకు గీత కూడా పడలేదు. నీళ్ళు మంచులోకి చప్పుడు లేకుండా ఇంకిపోయాయి. చెట్టుకు అరచేతి మేర బెరడు లేచిపోయి లోపలి తెలుపు కనిపించింది.

పెద్ద చెట్టుకు బరువులు లేపే చైన్ బ్లాక్ కట్టి, గంటన్నర లాగి బండిని నిలబెట్టింది. ఏదీ విరగలేదు. కానీ కుడివైపంతా బురద, కప్పుదాకా. ఏ బండికైనా చక్రాల పైదాకా బురద చిమ్ముతుంది. నెత్తికెక్కిందంటే మాత్రం దానికి ఒకటే అర్థం. అడీల్ ఇంటి నుంచి వేడినీళ్ళు మోసి కుడివైపు కడిగింది. ఒకవైపే మెరుస్తుంటే అది మరీ అనుమానం. ఎడమవైపు కూడా కడిగింది.

ఆదివారం బండిని, దాంతోపాటు ఒక డబ్బాడు డోనట్లను తీసుకుని వెళ్ళింది. విన్నీ వసారాలో నిలబడి బండిని కిందనుంచి పైదాకా చూసింది.

"ఇంత బురద మార్చిలో బండి కడిగిన మనిషిని డెబ్బై ఏళ్ళలో ఇప్పుడే చూస్తున్నా. పెళ్ళికేమైనా తీసుకెళ్ళావా దీన్ని?"

"నువ్వు ఊరుకోవే! పద్ధతి తెలిసిన పిల్ల," అన్నాడు హోలిస్. "చెప్పమ్మాయ్, ఎలా నడిచింది? ఇలాంటిదే కొంటావా?"

విన్నీ చూపు బండి కప్పు మీదనుంచి కదల్లేదు. అడీల్‌కు ఇలాంటి బండి కొనకపోవడానికి ఒక కారణం కావాలి. అది తనలో కాకుండా బండిలో ఉంటే బాగుండుననిపించింది.

"బాగుందండీ. కాకపోతే కొంచెం కుడికి లాగుతోంది. వాలు మీద భయమేసింది."

హోలిస్ ముఖం వాడిపోయింది. "లాగుతోందా? నాకు తెలీనే లేదే! అలాంటిదాన్ని నీ చేతికిచ్చానా? నీకేమన్నా అయ్యుంటే రాయ్స్‌కి నా ముఖం ఎలా చూపించేవాణ్ణి? తప్పైపోయిందమ్మా."

అడీల్ డబ్బా విన్నీ చేతిలో పెట్టి ఇంటికి వచ్చేసింది.

సోమవారం ఎండ కాసింది. చెట్లు ఆ ఏడాదిలో ఎన్నడూ లేనంతగా కారాయి. సాయంత్రం బీన్స్ వడ్డించుకుంటూ రాయ్స్ అన్నాడు, "హోలిస్ బకెట్లన్నీ పొంగి నేలపాలవుతున్నాయి. ఆయనేమో పొద్దుట్నుంచి బండి కిందే పడుకుని ఉన్నాడు. ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు. ఎక్కడో లాగుతోందట, ఎక్కడో దొరకట్లేదట."

"నువ్వు ఓ చెయ్యి వెయ్యకపోయావా?"

"వేస్తానన్నా. 'నీ పెళ్ళాం ప్రాణం మీదికి తెచ్చాను, నా చేత్తోనే బాగుచెయ్యాలి' అన్నాడు."

అడీల్ కంచం పక్కకు జరిపింది. లేచి కోటు తొడుక్కుంది, బూట్లు వేసుకుంది. తలుపు దగ్గరదాకా వెళ్ళి నిలబడింది. రేపు ఊరి సభలో ఎలాగూ కనిపిస్తాడుగా అనుకుంది. బూట్లు విప్పేసింది.

మంగళవారం, ఏటా ఊరంతా కూడి ఊరి ఖర్చులు తేల్చుకునే ఆ సభలో, మంచు తోసే లారీకి కొత్త టైర్లు, వంతెన మరమ్మతు, బడి ఖర్చు ఒక్కొక్కటే ఓటుకు వచ్చి గట్టెక్కాయి. మధ్యలో ఇళ్ళ నుంచి తెచ్చిన వంటలు అందరూ పంచుకుని తిన్నారు. అడీల్ హోలిస్ వైపు రెండుసార్లు అడుగు వేసింది, రెండుసార్లూ ఎవరో ఒకరు అడ్డొచ్చారు. అడ్డొచ్చినందుకు ఆమెకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

చివరి అంశం ఎప్పుడూ 'ఇతర విషయాలు'. ఎవరు లేచి ఏం చెప్పినా వింటారు. అందరూ కోట్లు వెతుక్కుంటుండగా హోలిస్ లేచాడు.

"నా గూడు బండి అమ్మేస్తున్నాను. కొనేవాళ్ళకి ముందే చెప్పడం ధర్మం కాబట్టి చెప్తున్నా, అది కుడికి లాగుతుంది. రెండు రోజులు వెతికాను, దొరకలేదు. నడిపినా నాకు తెలియట్లేదు. అడీల్ ఒక్క పూటలో పట్టేసింది. అంటే లోపం బండిలో కొంత, నా చేతుల్లో కొంత. లాగేది తెలియని చేతులతో కొండ దిగకూడదు. వచ్చే ఏడు నా చెట్లకి బకెట్లుండవు. అంతే."

కూర్చున్నాడు. ముందు వరుసలోని ఒకావిడ వెనక్కి తిరిగి, "అడీల్, మావాడూ ఓ బండి చూశాడు. కొనేముందు నువ్వొచ్చి నడిపి చెప్పవా తల్లీ?" అంది. నలుగురు మెచ్చుకోలుగా చూశారు. ఎవరైనా చెంపమీద కొట్టినా అడీల్ ముఖం అంత మండేది కాదు.

"ఇంకెవరైనా?" అంటూ అధ్యక్షుడు సభ ముగించడానికి చెక్క సుత్తి ఎత్తాడు.

అడీల్ లేచింది. "బండి లాగదు," అంది.

"వినపడట్లేదు, గట్టిగా!" అన్నారు వెనకనుంచి.

"బండి లాగదు. నేను అబద్ధం చెప్పాను. సగం ట్యాంకుతో వాలు మీద అడ్డంగా పోయి బండి పడేశాను. పోవద్దని ఆయన చెప్పారు. బురద కనపడకూడదని కడిగిచ్చాను. ఆయన చేతుల్లో ఏ లోపమూ లేదు."

"దీని మీద ఎవరైనా తీర్మానం..." అలవాటుకొద్దీ మొదలుపెట్టిన అధ్యక్షుడు మధ్యలో నాలుక్కరుచుకున్నాడు. ఎవరికో నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నారు. రాయ్స్ తల దించుకుని తన టోపీ అంచును తిప్పుతున్నాడు. హోలిస్ ఎవరి వైపూ చూడలేదు. ఒళ్ళో ఉన్న తన చేతుల్నే చూసుకుంటూ ఉండిపోయాడు.

బయట ఆయన తన లారీ దగ్గర నిలబడి ఉంటే అడీల్ వెళ్ళింది.

"ఏ చెట్టు?" అన్నాడు.

"వాగు పక్కన, సరిహద్దు రాయి దగ్గరి లేతది."

"బెరడు లేచిందా?"

"అరచెయ్యంత."

"బతుకుతుందిలే." లారీ తలుపు తీశాడు. "నిన్న మూడొందల గ్యాలన్లు నేలపాలయ్యాయి. దానికి నాకు కోపం లేదు. రెండు రోజులుగా ఈ చేతుల్ని దీపం కింద పెట్టుకుని చూసుకుంటున్నా. దానికి ఉంది."

"నన్ను క్షమించ..."

"ఇప్పుడే వద్దు." లారీ ఎక్కి తలుపు వేసుకుని, అద్దం దించాడు. "చిన్న బండి కొను. ట్రాలీ తగిలించేది. కొక్కెం దగ్గర గిర్రున తిరిగే రకం ఉంటుంది, అది. ట్రాలీ పడ్డా బండి పడదు. తెలిసి కూడా వాలెక్కే మనిషికి అదే సరైంది."

గళ్ళ కాగితం ఇంక తియ్యకుండానే ఆమె ఆ బండి కొంది. ఆ లేత మేపుల్ పక్కనుంచే దారి. ట్రాలీ నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా అక్కడ వేగం తగ్గిస్తుంది.

తరువాతి వారం విన్నీ అడీల్ ఇంటి గుమ్మంలోకి వచ్చింది. అవతలి కొండ మీద గూడు బండి చప్పుడు వినిపిస్తోంది. హోలిస్ నీళ్ళు దించుతున్నాడు. విన్నీ డోనట్ల డబ్బాను బల్లమీద పెట్టింది. లోపల చక్కెర పొడి, అడుగున ఎండిన జాము మరక.

"కడగలేదు," అంది విన్నీ. "మా ఇంట్లో వస్తువుని ఎలా వాడామో అలాగే తిరిగిస్తాం."

వంటింట్లో ఎంగిలి చెంచా ఒక్క నిమిషం ఉంటే ఓర్చుకోలేని అడీల్, ఆ డబ్బాను చాలా రోజులు కడగలేకపోయింది.