కోడికి చెప్పిన మాట

"ఒసేయ్ పెట్టా, రాత్రంతా ఎవరో మూలగతానే ఉండారు, ఇన్నావా? ఒంట్లో బాగలేకపోతే నోరు తెరిచి చెప్పకూడదా? చెబితే ముత్యాలు రాలిపోతాయా?"

మస్తానమ్మ పెరట్లో నూకలు చల్లుతూ, మెడ మీద ఈకల్లేని తన కోడిపెట్టతో ఈ మాటలంది. కోడి తన పని తాను చేసుకుపోతోంది. తాటాకు దడికి అవతల నుంచి ఒక నీరసపు గొంతు, గుంజకు కట్టేసిన మేకతో అంది.

"మేకా, చెప్పవే వాళ్లకి. కడుపులో గడ్డంట. నెల్లూరు పెద్దాసుపత్రికి రమ్మన్నారంట."

మస్తానమ్మ చేతిలో చేట వంగిపోయి నూకలన్నీ ఒకేచోట కుప్పగా పడ్డాయి. కోడికి పండగైంది.

దడి అవతలి గొంతు మహాలక్ష్మిది. మస్తానమ్మకు సొంత చెల్లెలు. సునామీ తర్వాత జంట ఇళ్లు కట్టిస్తుంటే, పట్టుబట్టి ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్లు తీసుకున్నారు ఇద్దరూ. అట్లాంటి అక్కచెల్లెళ్లు కోడితోనూ మేకతోనూ తప్ప మాట్లాడుకోక నాలుగేళ్లవుతోంది.

మొగలిదిబ్బ పాళెంలో దురాయి నడుస్తోంది మరి. దురాయి అంటే పెద్దలు వేసే కట్టుబాటు. అమ్మవారికి మొక్కే ఇళ్లవాళ్లు చర్చికి పోయే ఇళ్లవాళ్లతో మాట్లాడకూడదు. పెళ్లికీ చావుకీ గడప తొక్కకూడదు. ఇటువాళ్లు వేస్తే అటువాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ పౌరుషంగా అదే దురాయి వేసుకున్నారు. తప్పిన ఇంటి పడవకు ఎవరూ భుజం పట్టరు. అలల్లోకి తోసే భుజాలు లేకపోతే ఎంత మంచి పడవైనా ఒడ్డున ఉత్త డొప్పే.

మనుషులతో మాట్లాడొద్దన్నారు గానీ గొడ్డూగోదతో మాట్లాడొద్దని ఎవరన్నారు? ఈ తెలివి మొదట మహాలక్ష్మికే పుట్టింది. ఒకసారి మస్తానమ్మ కొడుకు కిషోర్ అత్తగారి తరఫువాళ్లు వచ్చినప్పుడు వాడు కత్తి పట్టుకుని పెట్ట వెంట పడ్డాడు. "దాన్ని కోస్తే నా నోరు కోసినట్టేరా నాయనా," అని తల్లి అడ్డం పడింది. చుట్టాలకు ఆ పూట కోడిగుడ్ల పులుసే గతైంది.

మొదలు ఎక్కడంటే, పడవ దగ్గర. మస్తానమ్మ మొగుడు పోలేరయ్య, మహాలక్ష్మి మొగుడు గిద్యోను, తోడల్లుళ్లిద్దరూ కలిసి ఫైబర్ బోటు కొన్నారు. కుడిపక్కన 'పోలేరమ్మ తల్లి' అని, ఎడమపక్కన 'ప్రభువు తోడు' అని రంగుతో రాయించారు. పొద్దున్నే ఒకాయన కొబ్బరికాయ కొట్టేవాడు, ఇంకొకాయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఊపున తోసేవాళ్లు. ఆ మాటకొస్తే మస్తానమ్మ పేరే దర్గా మొక్కుతో వచ్చింది. వాళ్లమ్మకు వరసగా బిడ్డలు పోతుంటే మస్తానుకు మొక్కుకుని కన్నదట. ఆ పేరు ఏ మతానిదని అడిగినవాడు ఆ కాలంలో లేడు.

ఒక ఏడు అమ్మవారి కొలుపు రోజుల్లో చూస్తే ఎడమపక్క 'ప్రభువు' లేడు. 'తోడు' మాత్రం మిగిలింది. ఎవరో గీకేశారన్నారు. కుర్రాళ్లు సెల్‌ఫోన్లో ఫొటో తీశారు. తెల్లారేసరికి అమ్మవారి జెండా చిరిగి ఉంది. బయటి ఊళ్ల నుంచి అటు రెండు కార్లు, ఇటు రెండు కార్లు వచ్చాయి, మైకులతో సహా. రాళ్లు పడ్డాయి. గిద్యోను తమ్ముడు బెన్హర్‌కు కన్ను పోయింది. ఇటువైపు వలలు కాలిపోయాయి. కార్లు వెళ్లిపోయాయి. దురాయి మిగిలింది.

ఆ రోజుల్లోనే మస్తానమ్మ మొగుణ్ని అడిగింది.

"ఏమయ్యా, ఒడ్డుకు లాగినాక మన పడవ ఏ పక్కకు వాలద్ది?"

"ఎడం పక్కకి."

"ఇసకలో రోజూ ఒరుసుకుంటే రంగు నిలస్తదా?"

పోలేరయ్య బీడీ ఆర్పేశాడు. "నిలవదు."

"మరి పంచాయితీలో చెప్పలేదే?"

"నాకొక్కడికే తెలుసంటావా? పాళెంలో అందరం పడవలు లాగేవాళ్లమే కదమ్మే. అందరికీ తెలుసు. ముందు నోరు తెరిచినోడు అవతలోళ్ల మనిషి అయిపోతాడు."

ఆ పడవ ఇప్పటికీ దిబ్బ పక్కన బోర్లా పడి ఉంది. ఎండకూ ఉప్పుగాలికీ రెండో పక్క పేరు కూడా ఊడిపోయింది.

ఆసుపత్రికి పోయే రోజేదో మేకతో చెప్పించింది మహాలక్ష్మి. తానూ వస్తున్నానని మస్తానమ్మ కోడితో చెప్పించింది. నెల్లూరులో దురాయి లేదు. అక్కడ వీళ్లెవరో ఎవరికి తెలుసు? కరువుదీరా మాట్లాడుకోవచ్చు. ఆ ఆశతో ఆమెకు ముందురోజు అన్నం కూడా సరిగా దిగలేదు.

"కళ్లు మసకలు కమ్ముతుండాయి, నెల్లూరు పోయి చూపించుకోనొస్తా," అంది మొగుడితో.

వల కుట్టుకుంటున్న పోలేరయ్య తలెత్తలేదు. ఆమె బయలుదేరుతుంటే మాత్రం వేయించిన నెత్తళ్ల చేపల పొట్లం ఒకటి సంచిలో పెట్టాడు. "ఆసుపత్రి కాడ కుక్కలుంటాయంట. వాటికెయ్యి."

నెత్తళ్లంటే ప్రాణం పెట్టేది మహాలక్ష్మి. కుక్కల కోసం నూనె పోసి నెత్తళ్లు వేయించే మొగాడు ఈ భూమ్మీద ఉన్నాడా? మస్తానమ్మ పైటతో ముక్కు తుడుచుకుని ఆటో ఎక్కింది.

బస్సులో దారంతా ఒకటే మాట నోట్లో నానబెట్టుకుంది. 'లచ్చీ, ఎట్టుండావే?' ఒకసారి పైకే అనేసింది. పక్క సీటామె "నన్నా?" అని అడిగింది.

వార్డులో మహాలక్ష్మి మంచానికి అతుక్కుపోయి ఉంది. దడి మీద గొంతే గానీ మనిషిని దగ్గరగా చూడక ఎన్నాళ్లయింది! చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. గిద్యోను వదినను చూసి లేచాడు. ఏదో అనబోయి, కిటికీ వైపు తిరిగి, "టీ తాగొస్తా," అని కిటికీకి చెప్పి వెళ్లిపోయాడు.

మస్తానమ్మ మంచం అంచున కూర్చుంది. నానబెట్టిన మాట బయటికి రాలేదు. చెల్లెలి కళ్లలోకి చూస్తూ మాట్లాడటం ఎట్లాగో నాలుక మర్చిపోయింది. చివరికి బల్ల మీది నీళ్లసీసాను చూసి అంది.

"ఒసేయ్ సీసా, ఈడోళ్లు ఏమన్నా తిన్నారా?"

మహాలక్ష్మి పెదవులు కదిలాయి. సెలైను కడ్డీతో అంది, "ఓ కడ్డీ, కోడిని మోసుకోని రాలేకపోయిందా అని అడగవే."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే మహాలక్ష్మికి కడుపు పట్టేసింది. అక్క పొట్లం విప్పి ఒక నెత్తడి నోట్లో పెట్టింది. ఆమె నమలకుండా, ఉప్పుదనం పోతుందేమో అన్నట్టు బుగ్గన ఉంచుకుంది. చెయ్యి జరిపి అక్క చేతి మీద వేసింది. ఇంకొంచెం సేపు ఉంటే ఏ కడ్డీ అడ్డం లేకుండానే మాట వచ్చేదేమో.

అంతలో నర్సు వచ్చింది. "ఏమ్మా, ఈమెకు నువ్వేమవుతావు?"

మస్తానమ్మ గుమ్మం వైపు చూసింది. పాళెం మనిషి ఒక్కరూ లేరు. అయినా చూసింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పక్కింటామెనమ్మా."

చేతి మీది చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. నర్సు రాసుకుని వెళ్లింది. మహాలక్ష్మి గోడ వైపు తిరిగి పడుకుంది. కడ్డీ వైపైనా చూడకుండా అంది.

"పక్కింటామెను పొద్దుండగానే పొమ్మనండి. బస్సులుండవు."

ఇంటికొచ్చిన మస్తానమ్మ రోజూ పొద్దున్నే దడి దగ్గర నిలబడేది. "పెట్టా, నోరు జారిందని చెప్పవే. రానీ, కాళ్లు పట్టుకుంటానని చెప్పు." మహాలక్ష్మి ఇంకా నెల్లూరులోనే ఉంది. అవతల మేక ఒక్కటే నెమరు వేస్తుండేది.

ఒక మధ్యాహ్నం దడి అవతల గిద్యోను గొంతు వినపడింది. బట్టల కోసం ఇంటికొస్తే ఫోను వచ్చినట్టుంది.

"మేకా... చెప్పు వాళ్లకి. తీసుకొస్తుండారు. అంబులెన్సులో." అంతటితో భోరుమన్నాడు.

మస్తానమ్మ చేట కిందపడేసి వీధిలోకి నడిచింది. కిషోర్ ఎదురొచ్చాడు.

"అమ్మా, పోబాక. చిన్నమ్మంటే నాకు మాత్రం లేదా? పాళెమంతా చూస్తా ఉండాది. రేపు నా పడవకు ఎవురు భుజం పడతారు?"

"నేను పడతాలేరా," అన్నాడు వెనక నుంచి పోలేరయ్య. ఒక్క ముసలి భుజంతో పడవ లేవదని ముగ్గురికీ తెలుసు. కిషోర్ పక్కకు తప్పుకున్నాడు.

గిద్యోను వాకిట్లో పందిరి కింద మహాలక్ష్మిని పడుకోబెట్టారు. పాట పాడుతున్నవాళ్లు మస్తానమ్మను చూసి ఒక్కొక్కరే ఆపేశారు. పాస్టరుగారు కావలి నుంచి కొత్తగా వచ్చినవాడు, మంచివాడు. పుస్తకం మూసి మెల్లగా అడిగాడు.

"ఎవరమ్మా మీరు?"

"అక్కని," అంది మస్తానమ్మ. ఈసారి గుమ్మం వైపు చూడలేదు. "దీని అక్కని సామీ. నేనే ఎత్తుకోని పెంచినా."

ఆయన ఔనా అన్నట్టు చుట్టూ చూశాడు. వాకిట్లో ఉన్నవాళ్లందరూ ఆమె చేతి ముద్ద తిన్నవాళ్లే. ఒక్కరూ తలెత్తలేదు. బెన్హర్ ఉన్న ఒక్క కన్నూ నేలకు దించుకున్నాడు. దురాయి అటు కూడా ఉంది కదా.

గిద్యోను మేకను కట్టేసిన పందిరి గుంజకు చేరగిలబడి ఉన్నాడు. మేక మెడ మీద చెయ్యి వేసి, దాని చెవి దగ్గర అందరికీ వినపడేట్టు అన్నాడు.

"అయ్యగారికి చెప్పవే మేకా. అక్కేనని చెప్పు. తల్లి పోయినాక తల్లేనని చెప్పు."

పాస్టరుగారికి ఏమీ అర్థం కాలేదు. మనిషిని చూశాడు, మేకను చూశాడు.

మస్తానమ్మ చాప మీద కూలబడి, చెల్లెలి నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీసింది. మొహం మీదికి వంగి, బస్సులో దారంతా నానబెట్టుకున్న మాట ఇప్పుడు చెప్పింది.

"లచ్చీ, ఎట్టుండావే?"